ఆగి అమ్ముకునే సత్తా

కురుపాం కొండల్లో ఒక ఇంటి కలిమిని జీడితోట ఎన్ని ఎకరాలు, చింతచెట్లు ఎన్ని అని లెక్కగడతారు. అంతకంటే సరైన కొలత ఇంకొకటి ఉంది. పంట చేతికొచ్చిన రోజే అమ్ముకోక తప్పని స్థితిలో ఆ ఇల్లు ఉందా, నెలో రెండు నెలలో ఆగగలదా అన్నదే ఆ కొలత.

పార్వతీపురం మన్యం జిల్లాలోని ఈ ప్రాంతంలో జాతాపులు, సవరలు ఎక్కువ. పోడు పంట తిండికి సరిపోతే గొప్ప. డబ్బు తెచ్చేవి జీడిపిక్కలు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు. అందులో చాలా భాగం సంక్రాంతి తర్వాత మొదలై వానలు పడేలోగా అయిపోతుంది. ఖర్చులు మాత్రం వానలతో వస్తాయి. విత్తనాలు కొనాలి, జ్వరాలకు మందులు కావాలి, పిల్లల్ని బడికి పంపాలి. వెనకటి తరాలకు ఆ నెలలు మామిడి టెంకల అంబలితో గడిచేవి. అప్పు పుట్టేదీ అప్పుడే. ఆషాఢంలో సావుకారు దగ్గర తీసుకున్న డబ్బుకు ఎండాకాలంలో జీడిపిక్కలు కొలిచివ్వాలి. ధర చెప్పేవాడు, తూకం వేసేవాడు, వడ్డీ లెక్కగట్టేవాడు ముగ్గురూ అతనే.

ఈ అప్పులే భూముల్ని కూడా మింగాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1960లో నిబంధన వచ్చినా కొండ మీద బాకీలు తగ్గలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో ఈ దోపిడీకి ఎదురు నిలిచిన గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవారి మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. ఇద్దరు గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. శ్రీకాకుళ గిరిజన సాయుధ పోరాటం అక్కడి నుంచే రాజుకుంది. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం 1970లో వచ్చింది. ఇప్పటికీ షెడ్యూల్డు గ్రామాల్లో పేదవాడి ఆస్తికి అసలైన కాపలా అదే.

సరుకు వైపు నుంచి కాపు కాయడానికి 1956లోనే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పుట్టింది. జీసీసీ ఒక ధర ప్రకటించి కొంటూ ఉంటే, సంతలో వ్యాపారి అంతకంటే మరీ కిందికి దిగలేడు. తూచిన రోజే డబ్బు చేతిలో పడాలి, లేకపోతే ప్రకటించిన ధర కాగితం మీదే మిగిలిపోతుంది.

ఆగే శక్తిని ఇంటి లోపలి నుంచి తెచ్చినవి ఆడవాళ్ల పొదుపు సంఘాలు. 1990లలో రాష్ట్రమంతటా రోజుకో రూపాయి లెక్కన మొదలైన ఆ పొదుపు చూడటానికి చిన్నదే. కానీ వానాకాలంలో సంఘం నుంచి రెండు వేలు దొరికితే చింతపండును చెట్టు మీదే సావుకారుకు రాసివ్వక్కర్లేదు. తీరిగ్గా పిక్క తీసి, ముద్ద చేసి అమ్మితే కిలోకు వచ్చే ధర వేరు. చీపురు కట్ట కట్టినా, అడ్డాకులు విస్తర్లుగా కుట్టినా అంతే. 2018లో కేంద్రం మొదలుపెట్టిన వన్‌ధన్ కేంద్రాలు ఈ పనికే ఉద్దేశించినవి.

2020 లాక్‌డౌన్ సరిగ్గా చింతపండు, జీడి దిగే రోజుల్లో వచ్చి పడింది. సంతలు ఆగాయి, వలసకూలీలు ఇళ్లకు చేరారు. అలాంటప్పుడు ఆదుకోవలసినది ఉపాధి హామీ పని. అటవీ హక్కు పట్టా భూమి తప్ప వేరే సొంత భూమి లేని గిరిజన కుటుంబానికి అప్పట్లో మామూలు వంద రోజుల మీద మరో 50 రోజులు అడిగే హక్కుండేది. ఆ సంగతి తెలిసి అడగడం కూడా సంపాదనలో భాగమే.

అదే ఏడాది ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టివేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో వచ్చిన ఉత్తర్వు అది. ధరలతోనూ వానలతోనూ సంబంధం లేని నెలజీతం చాలా ఇళ్లలోకి మొదటిసారి ఆ ఉత్తర్వు వల్లే వచ్చింది. దాని స్థానంలో కోర్టు ముందు నిలబడే చట్టం తేవడం ప్రభుత్వం ఈ కొండలకు బాకీ ఉన్న పని. అది ఇంకా ఆలస్యం కాకూడదు.