కాసులపేరు

అమ్మ పోయిన యేడాది, మా చిన్నాన్న పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో ఇచ్చి ఆమె బొమ్మ రంగుల్లో పెద్దదిగా వేయించాను. బొమ్మలో అమ్మ మెడలో కాసులపేరు వుంది. అది ఆమె జన్మలో ఎరగదు. చెంపమీది పుట్టుమచ్చ మాత్రం లేదు. బంధువులంతా బాగుందన్నారు. డబ్బిచ్చినవాణ్ని నేనే గనక ఎవరితో తగువుపడను?

పునరుజ్జీవన యుగాన్ని గురించి పాఠం చెప్పినప్పుడల్లా ఆ కాసులపేరు గుర్తొస్తుంది. వ్యక్తి మేల్కొన్న యుగమంటాము. నిజమే, అయితే బొమ్మ వేయించుకోగలిగిన వ్యక్తి ప్రభువో, వర్తకుడో. వాళ్ళకూ నిశ్చింత లేదు. మాంటువా ప్రభువు భార్య ఇసబెల్లా దెస్తే 1493లో మాంతేన్యా వేసిన తన చిత్రాన్ని పోలిక లేదని తోసిపుచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు లియొనార్డో ఆమె పక్కముఖం గీశాడు. ఎన్నిసార్లు అడిగించినా రంగుల చిత్రం చేసివ్వలేదు. చివరికి 1530లలో, అరవయ్యేళ్ళ ఆమెను, ఒక పాత చిత్రాన్ని ఆధారం చేసుకుని టిషియన్ పడుచుపిల్లగా వేశాడు. ఆ వయస్సులోనైనా తానంత అందంగా వుండేదాన్నా అని ఆమె సంతోషపడింది. ఆమెను చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఫ్లోరెన్సు పట్టువర్తకుడు జొకోందో సంగతి మరీ అన్యాయం: భార్య లీసా బొమ్మ పురమాయిస్తే, అది అతనికి అందనేలేదు. లియొనార్డో దాన్ని ఫ్రాన్సుకు వెంటబెట్టుకుపోయాడు.

ఇవన్నీ డబ్బున్నవాళ్ళ చిన్న కష్టాలు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కథ వేరు. పెళ్ళి బేరం కోసం క్లీవ్స్ ప్రభువంశపు ఆన్ బొమ్మ వేసుకురమ్మని 1539లో హోల్బైన్‌ను పంపాడు. బొమ్మ చూశాడు, ఒప్పుకున్నాడు. 1540 జనవరిలో పెళ్ళి. మనిషి నచ్చలేదని జులైలో రద్దు. సంబంధం కుదిర్చిన మంత్రి థామస్ క్రాంవెల్ తల అదే నెల 28న తెగింది. మోపిన నేరం రాజద్రోహం. ఆస్థానపు కక్షలూ వున్నాయి, ఒక్క బొమ్మమీదే నెట్టను. హోల్బైన్‌కు ఏమీ కాలేదు. పురమాయించిన రాజు ఆ నెల 28నే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

చాలాకాలం దీన్ని చిత్రకారుడి అబద్ధం కథగానే చెప్పాను. ఒకసారి తరగతిలో ఒక అమ్మాయి లేచి, "ఆన్‌ను ఎవరైనా అడిగారా మాస్టారూ?" అంది. నేను పుస్తకం మూశాను.

ఆ చిత్రం లూవ్రులో వుంది. ఆన్ చేతులు ముడుచుకుని, నగలతో, సూటిగా చూస్తూ వుంటుంది. బేరానికి పంపే సరుకును ఎంత శ్రద్ధగా అలంకరించారో!

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గ్రూపు ఫోటో కోసం పెట్టెలన్నీ వెతికాను. లేదు. బొమ్మ వేసినాయన తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.