గగన్ మహల్‌కు సద్దిమూట

తెల్లారుజామునే హొళగుందలో జీపెక్కాలి. ఆలూరు, గుంతకల్లు, అనంతపురం దాటి పెనుకొండ. మళ్లీ రాత్రికి ఇల్లు చేరాలి. జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి సద్ది కట్టుకోవాలి. ఇంతవరకూ మాలో పేచీ లేదు.

ముందు బాబయ్య దర్గాకే అంది అవ్వ. చక్కెర చదివిస్తానని ఆమె మొక్కు. కాదు, ముందు గగన్ మహల్, తర్వాత కొండమీది కోట అన్నారు పిల్లలు. అప్పుడే ఏడో తరగతి వాడు అడిగాడు: "1565లో రక్కసి తంగడి యుద్ధంలో ఓడి విజయనగరం రాజులు పెనుకొండకు పోయినారంట. వాళ్లను తరిమింది మనమేనా? బళ్లో అట్లే అంటాండారు."

ఎవరం మనం? దూదేకులోళ్లం. మా తాతలు ఏ సుల్తాను కొలువులోనూ లేరు. విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకారు. ఉర్దూ రాదని సాయిబులు మమ్మల్ని తక్కువ చేశారు. నమాజు చేస్తామని మిగతా ఊరు వేరుచేసింది. యుద్ధం నేరంలో మాత్రం మాకూ సమానంగా వాటా పెట్టారు!

గగన్ మహల్‌లో ఉన్నవి మసీదుల్లో కనిపించే కమాన్లే. పైన గుడి శిఖరం. విజయనగర రాజుల మహలుకే ఆ కమాన్లు పరాయివి కాలేదే, ఈ మట్టిలో పుట్టిన మేమెట్లా పరాయివాళ్లమయ్యాం?

చివరికి ముందు దర్గా, తర్వాత మహల్ అనుకున్నాం. మహల్ దగ్గరా మేం పేర్లు దాచి పిలుచుకోం. వాడికి జవాబు ఆ కమాన్ల కిందే నిలబడి చెబుతాం.