అయిదు నిమిషాల లెక్క

ముప్పై ఏళ్లుగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి. చదివింది బి.కాం. రోజు ముగిసేసరికి రూపాయి తేడా వచ్చినా ఇంటికి పోబుద్ధి కాని జాతి మాది. అలాంటివాణ్ణి పోయిన ఉగాదికి ఒక చిన్న లెక్కలో తప్పాను. ఆ సంగతే మీకు చెప్పుకుంటున్నాను.

మా హోసూరులో తెలుగువాళ్లం కొందరం కలిసి పండుగ చేసుకుంటాం. ఈసారి ఇంటికొక పెద్దవారి మాటలు వీడియో తీసి తెమ్మన్నారు. షరతు ఒక్కటే: అయిదు నిమిషాలు దాటకూడదు. పిల్లలు బడిలో అరవం, ఇంగ్లీషు చదువుకుంటున్నారు. తెలుగు వాళ్లకు వినే భాషగానే మిగిలింది. కనీసం వినేది మన మొరసునాటి తెలుగైనా కావాలని అందరి ఆశ.

మా అమ్మకు ఎనభై రెండేళ్లు. ఆమె పుట్టినప్పుడు మా ఊరు సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. అమ్మ మాట మాత్రం ఏ జిల్లాకూ మారలేదు. ఫోను ఎదురుగా పెట్టి, చిన్నప్పటి కరువు గురించి చెప్పమ్మా అన్నాను. చెప్పింది. అంతా తీశాక చూస్తే 7 నిమిషాల 12 సెకన్లు వచ్చింది.

కోసేద్దామంటే ఏ మాటా కోయబుద్ధి కాలేదు. బెంగళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి, "కోయడమెందుకు నాన్నా, స్పీడు పెంచితే సరిపోతుంది" అని కంప్యూటర్లో ఆ మీట చూపించి వెళ్లాడు.

నేను లెక్క వేశాను. ఉన్నవి 432 సెకన్లు, కావలసినవి 300. తగ్గవలసింది ముప్పై శాతం చిల్లర. కాబట్టి వేగం ముప్పై శాతం పెంచితే చాలనుకుని 130 అని కొట్టాను. 5 నిమిషాల 32 సెకన్లు వచ్చింది! రెండుసార్లు చేసినా అంతే. అప్పుడు గుర్తొచ్చి నెత్తిన మొట్టికాయ వేసుకున్నాను. కాలేజీ మొదటి సంవత్సరంలో చెప్పిన పాఠమే ఇది. నూరుకు కొని నూట ఇరవైకి అమ్మితే లాభం కొన్న ధర మీద ఇరవై శాతం, అమ్మిన ధర మీద పదహారున్నర చిల్లరే. శాతం దేని మీద అన్నదే అసలు ప్రశ్న. ఉన్న నిడివిని కావలసిన నిడివితో భాగించాలి. 432ను 300తో భాగిస్తే 1.44. అంటే వేగం 144 శాతం. కొట్టాను. సరిగ్గా అయిదు నిమిషాలు. ట్యాలీ అయిన సంతోషంతో అమ్మను పిలిచి చూపించాను.

అమ్మ కాసేపు కళ్లు చికిలించి చూసింది. "నాకేమి తొందర్రా అంత? నన్ను ఎవురు తరుముకొస్తా ఉండారు?" అంది.

గొంతు శ్రుతి మారకుండా చూసే ఏర్పాటు అందులో ఉంది. అది లేకపోతే గొంతు చిన్నపిల్లల గొంతులా సన్నబడిపోయేది. గొంతు అమ్మదే, కానీ మనిషి అమ్మ కాదు. ఇంకోసారి మొదటి వీడియో పెట్టి, చేతిలో కాగితం పెట్టుకుని చూశాను. ఒకచోట అమ్మ అంటుంది: "ఎద్దుల్ని సంతలో అమ్మేసొచ్చిన రేయి మా నాయన కూడు తిన్లేదు." తరువాత ఏమీ మాట్లాడదు. వేళ్లతో కొంగు చివర మడుస్తూ ఉంటుంది. ఆ తరువాత, "మేమూ తిన్లేదు" అంటుంది. మధ్యలో 19 సెకన్లు. నా లెక్కలో అవి 13 అయ్యాయి.

ఫోను సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తుంది. 432 సెకన్లకు 12,960 బొమ్మలు. అయిదు నిమిషాల్లో పట్టేవి 9,000. మిగిలిన 3,960 బొమ్మలను కంప్యూటరు అక్కడొకటి అక్కడొకటి ఏరి పారేసింది. రానిబాకీలను ఖాతాలోంచి కొట్టేసినట్టు, ఎవరినీ అడగకుండా.

ఈ తిప్పలు కొత్తవి కావు. పాత గ్రామఫోను ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పట్టేది. రాగమైనా పద్యమైనా అందులో ఇమడవలసిందే. మూకీ సినిమాలను చేత్తో తిప్పి తీసేవారు. తీసిన వేగం కంటే ఎక్కువ వేగంతో ఆడించడం వల్లనే అందులో మనుషులు పరుగులాంటి నడక నడుస్తారు. సెకనుకు 24 బొమ్మలతో తీసిన సినిమాను పాల్ పద్ధతి టీవీలో 25 చొప్పున వేస్తే, 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే ముగుస్తుంది. అది మన కంటికి పట్టదు. నాలుగు శాతాన్ని కన్ను క్షమిస్తుంది. నలభై నాలుగు శాతాన్ని కన్నతల్లి క్షమించలేదు.

రాత్రి మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఖర్చు దేని మీద వెయ్యాలో ముందు చూసుకున్నాను. నా ప్రశ్నలు 50 సెకన్లు ఉన్నాయి. "అప్పుడేమైందమ్మా", "ఆ తరువాతమ్మా" అంటూ నేను అడ్డం పడినవే అన్నీ. అవి పూర్తిగా తీసేశాను. ఇల్లు, పెరడు, రాగిచేను చూపించినవి 100 సెకన్లు. వాటి వేగం 556 శాతం చేస్తే 18 సెకన్లకు వచ్చాయి. చేను గాలికి పిచ్చిపట్టినట్టు ఊగింది, ఊగనీ. అమ్మ మాట్లాడినవి, మాట్లాడనివి కలిపి 282 సెకన్లు. వాటిని ముట్టుకోలేదు. 282కు 18 కలిపితే 300.

పండుగనాడు అమ్మ వంతు వచ్చింది. ఎద్దుల మాట దగ్గర తెర మీద అమ్మ ఆగింది. వెనక వరసలోంచి ఎవరో, "సౌండు పోయిందా ఏమి?" అన్నారు. ఇంకెవరో "ఉష్" అన్నారు. తరువాత ఎవరూ మాట్లాడలేదు. అమ్మే మాట్లాడింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ దిగులుగా ఉంటే, బాగుందమ్మా, అందరూ మెచ్చుకున్నారు అన్నాను.

"అది కాదురా, ఆ ఎద్దుల పేర్లు చెప్పనే లేదు. ఇంకో అయిదు నిమిషాలు ఇస్తారేమో అడుగు" అంది.