థ పొట్టలో చుక్క

నాన్న విజయవాడలో ముప్పై ఏళ్ళకు పైగా ప్రూఫులు దిద్దాడు. సీసం అక్షరాల కాలంలో తడి గ్యాలీలు, డీటీపీ వచ్చాక లేజర్ ప్రింటవుట్లు. అమ్మ పోయాక మా కూకట్‌పల్లి ఫ్లాట్‌కి వచ్చేశాడు. నేను రాసేవాటికి మొదటి పాఠకుడు ఆయనే. ఫోన్‌లో మాత్రం చదవడు. "కాయితం మీద పెట్టివ్వమ్మా, చూస్తా" అంటాడు.

ఇంట్లో ఓ కలర్ ఇంక్‌జెట్ ఉండేది. లాక్‌డౌన్‌లో కొన్నది. మాకు ప్రింటింగ్ అవసరం వానల్లాగే. ఒక నెల నలభై పేజీల డ్రాఫ్టు, తర్వాత మూడు నెలలు ఒక్క కాయితం కూడా ఉండదు. ఇంక్‌జెట్‌కి ఈ పద్ధతి అస్సలు పడదు. దాని హెడ్‌లో వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలుంటాయి, వాడకపోతే వాటిలో సిరా ఎండిపోతుంది. క్లీనింగ్ నొక్కితే అది తనని తాను కడుక్కోడానికి మన సిరానే ఖర్చు పెడుతుంది. రెండుసార్లు కడిగితే ప్రింటు వస్తుంది, కానీ పేజీకి అడ్డంగా సన్నటి తెల్ల గీతలు. చదవడానికి ఇబ్బందేం లేదులే అని నేను పట్టించుకోలేదు.

నాన్న అప్పటికి కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని నాలుగు నెలలైంది. ఆ డ్రాఫ్టు ఇచ్చి రెండు వారాలైనా తిరిగి రాలేదు. అడిగితే "చూస్తున్నా" అన్నాడు. ఇంకోవారం తర్వాత, ఆయన వాకింగ్‌కి వెళ్ళినప్పుడు, పరుపు కింద కనపడింది. మొదటి ఆరు పేజీల్లో 'కథ' అన్న మాట వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, మళ్ళీ రబ్బరుతో చెరిపేసి ఉంది. ఏడో పేజీ నుంచి ఖాళీ.

కథని 'కధ' అని రాసేవాళ్ళంటే నాన్నకి ఎంత మంటో మా చుట్టాలందరికీ తెలుసు. థ పొట్టలో చుక్క పెట్టనివాడు అన్నంలో ఉప్పు వేయనివాడితో సమానం ఆయనకి. ఆ చుక్కలు ఎక్కడికి పోయాయో చూద్దామని కాయితం లైటు దగ్గర పెట్టాను. తెల్ల గీత సరిగ్గా ఆ వరసలమీదే పోయింది. కొన్నిచోట్ల ధకీ దకీ తేడా చెప్పే కింది గీత కూడా లేదు.

ఆయన వచ్చాక అడిగాను, చెప్పలేదేం అని. చాలాసేపు చెప్పులు సర్దుకుంటూ నిలబడ్డాడు. "నువ్వు చుక్క మర్చిపోవు కదా. నా కన్నే పోతోందేమో అనుకున్నా."

మూడు వారాలు ఆ మాట లోపలే పెట్టుకుని తిరిగాడు. డాక్టరుకీ చెప్పలేదు, మళ్ళీ ఆపరేషన్ అంటారేమోనని.

ఆ శనివారమే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళాను. కౌంటర్ వెనకాల పెద్దాయన మొదటి ప్రశ్న, "నెలకి ఎన్ని పేజీలు మేడమ్?" కొన్ని నెలలు నలభై, కొన్ని నెలలు సున్నా అన్నాను. "సున్నా నెలల్ని బట్టే కొనాలి" అన్నాడు. ఇన్ని రివ్యూలు చదివినా నాకు ఈ సంగతి తట్టలేదు. అందరూ నిమిషానికి ఎన్ని పేజీలో చెప్పేవాళ్ళే.

లేజర్‌లో ఎండిపోవడానికి తడే లేదు. టోనర్ అంటే పొడి. కాంతి డ్రమ్ము మీద అక్షరాన్ని విద్యుదావేశంగా గీస్తుంది, పొడి అక్కడ అంటుకుంటుంది, అక్కణ్నుంచి కాయితం మీదికి దిగి వేడికి కరిగి అతుక్కుపోతుంది. దీనికి మూలం 1938లో న్యూయార్క్ ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ చేసిన ప్రయోగం. జింక్ పలక మీద గంధకం పూసి, రుమాలుతో రుద్ది, మీద పొడి చల్లాడు. ఆయన ఓ కంపెనీ పేటెంటు విభాగం పనిలో కాయితాలకు నకళ్ళు రాసుకునేవాడు. కీళ్ళనొప్పులు, పైగా చూపు తక్కువ. (ఇది చదివి నాన్నకి చెప్తే "పాపం" అన్నాడు, పక్కింటాయన గురించి అన్నట్టు.) 1971లో గ్యారీ స్టార్క్‌వెదర్ జిరాక్స్ వాళ్ళ పరిశోధన కేంద్రంలో కాపీయర్‌కి లేజర్ తగిలించాడు. 1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ వచ్చినప్పుడు దాని ధర 3,495 డాలర్లు, అంగుళానికి 300 చుక్కలు. నేను కొన్నది అంగుళానికి 600, పదమూడు వేల పైచిలుకు.

కొనేటప్పుడు నేను పట్టుబట్టినవి తక్కువే. స్కానర్ వద్దన్నాను, ఫోన్ ఉంది. రెండువైపులా దానంతటదే ప్రింట్ చేసేది కావాలన్నాను, కానీ నాన్నకి వెనకవైపు తెల్లగా ఉండాలట, అక్కడే పెద్ద దిద్దుబాట్లు రాస్తాడట. అసలు తికమక డ్రమ్ము దగ్గర. బ్రదర్ వాటిలో డ్రమ్ము వేరు, టోనర్ వేరు. హెచ్‌పీ, కానన్ చిన్న మోడళ్ళలో చాలావాటికి రెండూ ఒకే కాట్రిడ్జ్‌లో ఉంటాయి, టోనర్ మార్చినప్పుడల్లా కొత్త డ్రమ్ము వస్తుంది, ఖర్చూ దాంతోపాటే. నేను వేరువేరుగా ఉన్నదే తీసుకున్నా. మా వాడకానికి డ్రమ్ము ఎన్నేళ్ళో వస్తుంది. పెట్టెలో వచ్చే టోనర్ పూర్తిది కాదని, రెండోది ఎంతో ఇప్పుడే కనుక్కోమని ఆ పెద్దాయనే చెప్పాడు. ఇన్వర్టర్ మీద పెట్టొద్దనీ చెప్పాడు. కాయితం కాల్చే హీటర్ దాదాపు 200 డిగ్రీలకు వేడెక్కుతుంది, ఒక్కసారిగా కరెంటు లాగేస్తుంది. మా హాల్లో ట్యూబ్‌లైట్ ఇప్పటికీ ప్రతి ప్రింటుకీ ఓసారి కళ్ళార్పుతుంది.

మొదటి పేజీ బయటికి వచ్చినప్పుడు నాన్న పక్కనే కుర్చీ వేసుకుని ఉన్నాడు. వెచ్చగా ఉన్న కాయితాన్ని చెంపకి ఆనించుకున్నాడు, ఎందుకో నాకు తెలీదు. తర్వాత ఎడమ కన్ను చేత్తో మూసి, కుడి కంటితో ఒక్కో వరసా పైనుంచి కిందకి చదివాడు. మధ్యలో ఏం మాట్లాడలేదు. అయిపోయాక లేచి తన ఎర్ర పెన్ను ఎక్కడుందో వెతుక్కున్నాడు.

పొద్దున లేచేసరికి బల్ల మీద నలభై పేజీలూ ఉన్నాయి. పదకొండో పేజీలో ఒకచోట 'కధ' చుట్టి ఉంది. లైటు దగ్గర పెట్టి చూశాను, గీతలేం లేవు. కంప్యూటర్ తెరిచి చూస్తే ఫైల్లోనూ కధే.