సౌనాలో ఉన్ని టోపీ

నిప్పుల కొలిమివంటి గదిలో ఉన్ని ధరించి కూర్చుండువారు కలరని చెప్పినచో మన యూళ్లలో నవ్వనివారుండరు. మేమును ఒకప్పుడు నవ్వినవారమే. ఈ పాఠశాలలో చదివి, పిమ్మట పైచదువునకై ఫిన్లాండు దేశమునందలి టాంపెరె నగరమునకు పోయిన అన్నదమ్ములము మేము. అచట నేర్చిన శాస్త్రముల మాట యటుండనిచ్చి, సౌనాను గూర్చి మన పత్రిక చదువరులకు విన్నవింపదలచితిమి.

సౌనా యనగా పలకలతో కట్టిన చిన్న స్నానపు గది. అందొక పొయ్యి, పొయ్యిపై రాళ్లు, ఎదుట మెట్లవలె బల్లలు. గదిలోని వేడి 80 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడువరకు నుండును. సుమారు 55 లక్షల జనులుగల ఆ దేశమున 30 లక్షల సౌనాలు గలవందురు. 2020వ సంవత్సరమున యునెస్కోవారు ఈ యాచారమును మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. టాంపెరెలోనే 1906లో కట్టిన రాయపోర్తి యను పురజనుల సౌనా నేటికిని నడచుచున్నది.

అచట పురుషులు వేరుగ, స్త్రీలు వేరుగ, వస్త్రములు లేకయే కూర్చుందురు. మాకా యలవాటు లేదు. మా వసతిగృహపు సౌనాకు తొలిసారి పోయిననాడు మాలో చిన్నవాడు సిగ్గుపడి నైలాను బనియను తొడిగి, మెడలోని వెండిగొలుసు తీయకయే పై బల్ల నెక్కెను. నైలాను చెమటను పీల్చదు; ఒంటికి జిగురువలె అంటుకొనెను. గొలుసు కాగి చురుక్కుమనిపించెను. అంతలో నొకరు రాళ్లపై గరిటెడు నీళ్లు చల్లిరి. ఆవిరి పైకప్పును తాకి మా చెవులపైకి దిగినది. పొడిగాలి యెంత వేడియైనను కొంతసేపు ఓర్చుకొనవచ్చును. ఆవిరి యట్లు కాదు. అది చర్మముపై నీరుగా మారునపుడు తనలోని వేడినంతయు అచటనే విడుచును. మేమిరువురము చెవులు మూసికొని క్రిందికి దుమికితిమి.

మూలనున్న ముదుసలి యొకరు నవ్వలేదు. ఆయన ఒంటిపై నూలుపోగైనను లేదు గాని, తలపై మాత్రము గంటవలెనున్న మందపు టోపీ యుండెను. అది నేసినది కాదు. ఉన్నిని వేడినీటితో తడిపి ఒత్తి గట్టిపరచినది. దానిని ఫెల్టు అందురు. రష్యా దేశపు ఆవిరిస్నానములలో ఇట్టి టోపీ చాల వాడుక. చేతితొడుగులును, క్రింద పరచుకొను చాపయు గూడ ఫెల్టుతోనే చేయుదురు. గదిలో నెల్లచోట్లకంటె పైకప్పు చెంతనే వేడి హెచ్చు. అచటనే తల యుండును గదా! ఆయన టోపీ తీసి మాకిచ్చెను. పెట్టుకొనగా చెవుల మంట చల్లారినది.

ఉన్నిపోగు మెలికలు తిరిగి యుండును. ఆ మెలికల నడుమ చిక్కిన గాలి వేడిని త్వరగా దాటనీయదు. మీదుమిక్కిలి ఉన్ని తన బరువులో మూడవవంతువరకు ఆవిరిని త్రాగియు తడిసినట్లు తోపనీయదు. నైలానువలె కరగదు. చలినాపు వస్తువే వేడినిగూడ నాపునన్నమాట. ఒక్క జాగ్రత్త: చెవులు కాలకుండుటచే ఎంతసేపైనను కూర్చుండవచ్చునని యనుకొనరాదు. మేమట్లు చేసి తల తిరిగి బయటి మంచులో కూలబడితిమి.

ఆ మంచులో కూర్చుండగానే మాకు తాత జ్ఞప్తికి వచ్చెను. ఆయన గొఱ్ఱెల కాపరి. రోహిణీకార్తె యెండలోను నల్లగొంగడిని నెత్తిమీదుగా కప్పుకొని మంద వెంట పోయెడివాడు. “ఉడికిపోవా తాతా?” యని యడిగిన, “లోన సల్లగుంటది బిడ్డా” యనెడివాడు. మే మాయన మాట నమ్మలేదు. మా గొఱ్ఱెల ఉన్నినే వడికి నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి యది, గరుకు, వాసన.

ఒక వేసవినాడు తాత ఆరు కోసులు నడచి, మమ్ము చూచుటకు ఈ పాఠశాల వసతిగృహమునకు వచ్చెను. భుజమున గొంగడి, చేత జొన్నరొట్టెల మూట. తోడి విద్యార్థులు “ఎవరా గొంగడి ముసలి?” యని నవ్విరి. “మా యూరి జీతగాడు” అంటిమి. మాలో ఎవరు ముందన్నదియు నేటికిని తేలలేదు, రెండవవాడు కాదనలేదు. తాత విన్నాడో లేదో యెరుగము. మూట ఇచ్చి, గొంగడి కప్పుకొని, ఆ యెండలోనే మరలిపోయెను. మేము పదవ తరగతిలో నుండగా ఆయన కాలము చేసెను.

ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి గొంగడి యున్నదా యని యడిగితిమి. వడ్లగాదెపై నున్నదనియు, ఒక మూల చిమ్మటలు కొట్టినవనియు చెప్పినది. చెడని వైపు జానెడు వెడల్పున కోసి పంపెను. మాలో పెద్దవాడు దానిని మడచి టోపీగా కుట్టెను. కుట్టు వంకరగానే యున్నది. ఆవిరి తగులగానే గదియంతయు గొఱ్ఱెల దొడ్డివాసన క్రమ్మినది. ముదుసలి యటునిటు వాసనచూచి, ఇదెవరి ఉన్ని యని మమ్మడిగెను.

మా తాతదని చెప్పితిమి.