నంబరు చెరగకుండా తుప్పు వదిలించినాం

పోస్టు కొంచెం పెద్దది. ఇంట్లో పెద్దోళ్ల కాలం నాటి లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మాది వేంపల్లె నుంచి గండికి పోయే వైపు, కొండ కింద ఒక సుగాలి తాండా. మేము అంటే ఇద్దరం, అన్నదమ్ముల పిల్లలం. ఒకరం డిగ్రీ కెమిస్ట్రీ, హాస్టల్లో ఉంటాం. ఇంకొకరం ఐటీఐ ఫిట్టర్. మా ఇంట్లో పదో తరగతి దాటింది మేమే ముందు.

మా తాతను దాదా అంటాం. ఆయన పేరు మీద ఒక నాటు తుపాకీ ఉంది, ముందు నుంచి మందు దట్టించేది. పంట కాపలాకు లైసెన్సు ఇచ్చినారు. చెనిక్కాయ చేలోకి అడవి పందులు దిగితే ఒక్క రాత్రిలో చాళ్లకు చాళ్లు తవ్వి పోతాయి. దాదా ఉత్త మందు పెట్టి ఆకాశానికి పేల్చేవాడు, ఆ శబ్దానికే పందులు కొండెక్కేవి. ఇప్పుడు ఆయన కండ్లు మసకబారినాయి. లైసెన్సు గడువు దగ్గర పడింది. "ఇంక రాయించుకోనురా. స్టేషన్లో అప్పగించేస్తా. ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇయ్యాల" అన్నాడు సంక్రాంతి సెలవుల్లో.

అటక మీద నుంచి దించి విప్పి చూస్తే గొట్టం అంతా ఎర్రగా, పొరలు లేచి ఉంది. చుట్టింది పాత పొటాష్ సంచిలో. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఉప్పే. గాలిలో తేమ తగిలితే క్లోరైడు ఇనుమును తినేస్తుంది. లోపల ఇంకో శత్రువు. తుపాకీ మందు కాలినాక మిగిలే మసిలో కూడా లవణాలు ఉంటాయి, అవీ తేమను లాగుతాయి. అందుకే పాతకాలంలో పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పూసేవాళ్లు. దాదా కూడా చూపు ఉన్నంత కాలం అట్లనే చేసినాడు.

ముందు ఒక సంగతి. తుప్పు మీద చెయ్యి పెట్టకముందే దాదా గజం కడ్డీ తెమ్మన్నాడు. గొట్టం మూతిని మా వైపు తిప్పనియ్యకుండా కడ్డీ లోపలికి దించి, మూతి దగ్గర సుద్దతో గుర్తు పెట్టినాడు. తీసి బయట గొట్టం పక్కన ఆనించి కొలిచినాడు. కడ్డీ చివర గొట్టం అడుగు దాకా వస్తే ఖాళీ. నాలుగు వేళ్లు తక్కువైతే లోపల మందు ఉన్నట్టు. ఏండ్ల కింద దట్టించిన మందు కూడా అంటుకుంటుంది. అట్లాంటిది ఉంటే మీరు ముట్టుకోవద్దు, స్టేషన్లో చెప్పండి. మాది ఖాళీయే.

ఇంక పైపూత ఏది అని మాకు మాకు వాదన. ఫిట్టర్ ఆలోచన సులభం. గ్రైండరు పెట్టి తళతళ మెరిసేట్టు చేసి, గేట్లకు వేసే నల్ల ఎనామిల్ కొట్టడం. నిజం చెప్పాలంటే కెమిస్ట్రీకి కూడా అదే నచ్చింది. ఇచ్చే ముందు దాదాతో ఒక ఫోటో, బాగుంటుంది కదా. గ్రైండరు కూడా వచ్చేసింది.

దాదా గ్రైండరు వైరు పీకేసినాడు. ఏమీ అరవలేదు. గొట్టం వెనక భాగం మీద బొటనవేలు పెట్టి, తుప్పు మీదనే అటూ ఇటూ రాసినాడు. "ఈడ నంబరు ఉండాది. అది పోతే నేను పోయినట్లే" అన్నాడు.

దాదాకు చదువు రాదు. కానీ ఎన్నికలు వచ్చినప్పుడంతా తుపాకీ స్టేషన్లో పెట్టి, అయినాక తెచ్చుకోవాల్సిందే. ప్రతిసారీ లైసెన్సు బుక్కులో నంబరు, గొట్టం మీద నంబరు ఒకటేనా అని చూస్తారు. అట్లా ఆ నాలుగంకెల వంపులు ఆయన వేలికి నోటికొచ్చినాయి.

ఆ రాత్రి ఫోన్లో ఆయుధాల చట్టం వెతికినాం. 1959 చట్టంలో 8వ సెక్షన్ ఇదే చెప్తుంది. తుపాకీ మీద గుద్దిన నంబరు చెరపడం నేరం. నంబరు చెరిగిన తుపాకీ నీ దగ్గర ఉంటే, నువ్వే చెరిపినావని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది నువ్వే. అది చదివినాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. 1871లో తెల్లోళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం మనలాంటి ఎన్నో తెగలను పుట్టుకతోనే దొంగలని రాసింది. మద్రాసు రాజధానిలోకి, అంటే మన సీమలోకి కూడా, 1911లో వచ్చింది. దేశమంతటా అయితే 1952లో గానీ పోలేదు. ఈ గుంపులో ఎరుకల అన్నలకు ఆ కథ ఇంట్లోనే విని ఉంటారు. తాండా మనిషి చేతిలో నంబరు లేని తుపాకీ దొరికితే "తుప్పు వదిలించినాం సార్" అంటే నమ్మేదెవరు?

కాబట్టి ఏ పూత అయినా మూడు షరతులు పెట్టుకున్నాం. నంబరు కనపడాల. ఇనుము అరగగూడదు. మళ్లీ తుప్పు మొదలైతే దాచిపెట్టకుండా చూపించాల.

పెయింటు మూడో దాంట్లోనే ఓడిపోయింది. గుంతల్లో తేమ, తుప్పు ఉండంగానే పైన పెయింటు కొడితే లోపల తింటానే ఉంటుంది, పైకి మెరుస్తానే ఉంటుంది. కంపెనీల్లో చేసే నల్లపూతకు కాస్టిక్ సోడా ద్రావణాన్ని నీళ్లు మరిగే వేడికంటే చాలా పైకి కాచాలి. మీద పడితే చర్మం, కన్ను పోతాయి. ఇంటికాడ చేసే పని కాదు. చెనిక్కాయ నూనె కొన్నాళ్లకు జిగురై దుమ్ము పడుతుంది. దాదా రాసే ఆముదం గట్టిపడదు, మంచిదే, కానీ తరచూ తుడిచి మళ్లీ రాయాల. రేపటి నుంచి రాసేదెవరు?

మా లెక్చరరు ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చింది. జమ్మలమడుగు దగ్గర గండికోటకు 1652లో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే, అక్కడ మీర్ జుమ్లా ఫిరంగులు పోత పోయించే పని గురించి రాసినాడు. రాగి కలిసిన లోహం మీద వచ్చే పొర దానికే చొక్కా లాగా అంటుకొని ఉంటుంది. ఇనుము మీద ఎర్ర తుప్పు అట్ల కాదు. ఉబ్బి, పొరలై రాలి, కింద కొత్త ఇనుమును మళ్లీ గాలికి చూపిస్తుంది. కానీ అదే ఎర్ర తుప్పు పలచగా ఉన్నప్పుడు నీళ్లలో మరిగిస్తే నల్ల ఆక్సైడు అవుతుంది. అది గట్టిగా పట్టుకొని ఉంటుంది. పాత తుపాకులకు నల్లరంగు తెచ్చే ఒక పద్ధతి ఇదే.

అదే చేసినాం. దాదా పక్కన కూర్చొని, కొయ్య నుంచి గొట్టం విడదీసి ఇచ్చినాడు. రెండు రోజులు కిరసనాయిలు గుడ్డ చుట్టి పెట్టినాం. లేచిన పొరలను రాగి రేకు ముక్కతో గీకినాం. రాగి ఇనుముకంటే మెత్తన, గీత పడదు. నంబరు దగ్గర రేకు కూడా వాడలేదు, గుడ్డ, గోరు, అంతే. బోరు కేసింగ్ పైపును నిలువునా సగానికి కోసి, రెండు చివర్లు వెల్డింగు చేస్తే తొట్టి అయింది. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు కాబట్టి ప్లాంటు నుంచి నాలుగు క్యాన్లు తెచ్చినాం. అరగంట మరిగినాక తీస్తే ఎర్రది నల్లబడింది. వేడి ఉండంగానే ఆరి పోయింది. సన్నటి స్టీలు ఊలుతో పైపైన తుడిచి, గొట్టం గోరువెచ్చగా ఉన్నప్పుడే తేనె మైనం పలచగా పట్టించి గుడ్డతో లాగినాం. లోపల కుట్టుమిషన్ నూనె.

కొత్తదాని లాగా కాలేదు. గుంతలు గుంతలుగానే ఉన్నాయి, అక్కడక్కడ గోధుమరంగు. ఇట్ల తుప్పు తిన్న గొట్టాన్ని మళ్లీ పేల్చకూడదు. పూత రూపం ఇస్తుంది, పోయిన బలం ఇయ్యదు. నంబరులో మూడంకెలు స్పష్టం. నాలుగోది సగమే. దాదా వేలు పెట్టి "ఏడు" అన్నాడు. లైసెన్సు బుక్కు తెరిస్తే ఏడే.

స్టేషన్‌కు ముగ్గురం పోయినాం. గడువు అయిపోయిన తుపాకీని ఆలస్యం చెయ్యకుండా అప్పగించాలని 21వ సెక్షన్ చెప్తుంది, మేము గడువు లోపలే పోయినాం. అక్కడ సారు ఫోన్ లైటు వేసి నంబరు చదివి, బుక్కుతో పోల్చి, రసీదు రాసిచ్చినాడు. దాదా రసీదు మాకిచ్చి పైకి చదవమన్నాడు. నంబరు దగ్గరికి రాంగానే ఆపి, మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు. ఆ కాగితం ఇప్పుడు ఆయన ఆధార్ కార్డు పక్కన ఉంది.

మీ ఇండ్లల్లో ఇట్లాంటిది ఉంటే గ్రైండరు తేవద్దు. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో, గడువు ఎప్పుడో చూడండి. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని, ముందు నంబరు ఎక్కడుందో అడగండి.