ఆరింటికా, ఎనిమిదింటికా

మా అంబులెన్సు సిబ్బంది సంఘానికి అప్పట్లో నేను కార్యదర్శిని. పొద్దున ఎనిమిదికి మొదలయ్యే డ్యూటీని ఆరింటికి మార్చాలని కాంట్రాక్టరు దగ్గర పట్టుబట్టింది నేనే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యగా పోయే రోడ్డు ఒక్కటే. పొద్దున షార్ (అక్కడి అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సులన్నీ దాని మీదే. ఆ రద్దీలో సిబ్బంది మారకూడదని నా వాదన. పైగా ఎనిమిదికి కాస్త ముందు కేసు తగిలితే, రాత్రంతా మేలుకున్న పైలటే (డ్రైవర్‌ని మేం అలాగే అంటాం) నెల్లూరు దాకా తోలాలి.

వాదన సబబే. అర్జీకి సంతకాలు తీసుకున్న తీరే సబబు కాదు. సూళ్లూరుపేటలో ఇల్లున్నవాళ్లనీ, టీకొట్టు దగ్గర దొరికినవాళ్లనీ అడిగి ఊరుకున్నాను. వేళ మారాక, తడ వైపు నుంచి వచ్చే ఈఎమ్‌టీ (బండిలో రోగిని చూసుకునే టెక్నీషియన్) అమ్మాయి నన్ను నిలబెట్టి అడిగింది: "అన్నా, ఆరింటికి రావాలంటే నాకు బస్సేదీ? రాత్రికి ఎక్కడ పడుకోమంటావు?" నా దగ్గర జవాబు లేదు. ఆమె వచ్చేదాకా రాత్రి డ్యూటీ మనిషి బండి దగ్గరే ఉండిపోయేవాడు. ఆమె పేరు పక్కన ఆలస్యమని పడేది.

వచ్చాక కూడా వెంటనే బండి కదలదు. ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూడాలి, సక్షన్ మిషన్ ఒకసారి ఆడించి చూడాలి, సెలైన్ సెట్లు లెక్కపెట్టాలి, స్ట్రెచర్ మీద నెత్తురుంటే కడగాలి, రీడింగు లాగ్‌బుక్‌లో ఎక్కించాలి. ఈ అప్పగింతల పనికి అప్పట్లో జీతం లెక్కలో చోటే లేదు. నా అర్జీలోనూ లేదు.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి. ఆరా, ఎనిమిదా అని నెలల తరబడి కొట్లాడినంత కాలం, పన్నెండు గంటల డ్యూటీ గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఏ వేళకు మొదలెట్టినా పన్నెండు పన్నెండే కదా. బస్సు, లారీ కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. 108 సిబ్బంది కూడా ఎనిమిది గంటల డ్యూటీ కావాలని ఏళ్లుగా అడుగుతున్నారు. ప్రాణం మీదకొచ్చిన మనిషిని వెనక పడుకోబెట్టుకుని హైవే మీద తోలేవాడికి, సరుకు లారీ తోలేవాడికున్నపాటి విశ్రాంతైనా అక్కర్లేదా? ఇది నేను మొదటిరోజే అడగాల్సిన మాట.

రెండో అర్జీకి అందరి ఊళ్లూ, బస్సు వేళలూ రాసుకుని తిరిగాను. రాత్రి డ్యూటీవాళ్లను రాత్రే కలిశాను. మొదటి డిమాండు మూడు షిఫ్టులు, రెండోది అప్పగింతల సమయానికి జీతం. ఆ అమ్మాయి సంతకం అందరికంటే పైన పెట్టించాను. పొద్దున వేళ మళ్లీ ఎనిమిదికి మారింది, అప్పగింతలకు పావుగంట లెక్కలోకి వచ్చింది. మూడో షిఫ్టుకు మనుషుల్ని తీసుకోమని ఇంకా అడుగుతూనే ఉన్నాం.